గంట వాళ్ళమ్మ వాటా

లుంబన్ సిహోల్ గుడికి ఆదివారం పూట వచ్చేవాళ్ళ చెవిలో ముందుగా పడేది దేవుడి వాక్యం కాదు, సౌలినా తిట్లు.

"ఆ కాళ్ళేంటి? మడిలోంచి తిన్నగా పరలోకానికి పోదామనా? కడుక్కుని తగలడు."

"నీ తాంబూలం ఉమ్ము నీ నట్టింట్లో ఉమ్ముకోవే. ఇక్కడ తుడిచేది నేను, మీ అత్త కాదు."

సంఘపెద్ద అని చూసేది కాదు, పాస్టరుగారి భార్య అని చూసేది కాదు. మెట్ల మీద చీపురు అడ్డం పెట్టుకుని నిలబడి, ఒక్కొక్కరి కాళ్ళూ పరీక్షగా చూసి లోపలికి వదిలేది. దేవుడు అందరినీ రమ్మంటాడు, ఈవిడేమో రానివ్వదని జనం విసుక్కునేవాళ్ళు. ఊళ్ళో ఆమెకు స్నేహితులు లేరు. అక్కర్లేదు కూడా. సరస్సు ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆమె వెంట ఇష్టంగా తిరిగే ప్రాణి గుడి వెనకాల ఉండే కుంటికుక్క ఒక్కటే. దాన్ని కూడా ఆమె తిట్టకుండా వదిలేది కాదు.

గుడి మాత్రం అద్దంలా ఉండేది. బల్లల కింద చెయ్యి పెట్టి చూసినా దుమ్ము అంటేది కాదు. గంట కొట్టేదీ ఆమే, అదీ అంతే. శనివారం సాయంత్రం ఒకసారి, ఆదివారం తెల్లవారుతూనే ఒకసారి, ఆరాధన మొదలయ్యే ముందు ఒకసారి. వానపడినా, సరస్సు మీంచి మంచు కమ్ముకొచ్చి పక్కమనిషి కనపడకపోయినా, ఒంట్లో జ్వరం కాగుతున్నా ఆ గంట మోగాల్సిన వేళకు మోగింది. ఎప్పుడో జర్మనీ దొరలు పడవల మీద తెచ్చిన కంచుగంట అది. గుడి పక్కన దుంగలతో కట్టిన ఎత్తైన మంచె మీద వేలాడేది. దాని తాడు సౌలినాయే తాటినారతో పేనుకునేది. అంగట్లో తాడు నాలుగు వానలకు కుళ్ళిపోతుందని ఆమెకు దానిమీద కూడా కోపమే.

ఈ సరస్సు చుట్టూ బతికే మా బటాక్ వాళ్ళలో బిడ్డ పుట్టాక మనిషికి సొంత పేరు మిగలదు. మా ఊరి మరోలోప్‌నే చూడండి, కొడుకు తోగార్ పుట్టగానే 'తోగార్ వాళ్ళ నాన్న' అయిపోయాడు. మరోలోప్ తల్లి లమ్రియా 'తోగార్ వాళ్ళ నానమ్మ' అయింది. కథలో తికమక పడకుండా ఇక్కడ పేర్లతో చెప్పుకుంటున్నాం గానీ, ఊళ్ళో పెద్దవాళ్ళను అలా ఒట్టి పేరు పెట్టి పిలిస్తే పళ్ళు రాలతాయి. సౌలినాకు పిల్లలు లేరు. అందుకని ఆమెను పిలవడానికి ఎవరి దగ్గరా పేరు లేదు. చిన్నవాళ్ళు పిలవకుండానే పని కానిచ్చుకునేవాళ్ళు, పెద్దవాళ్ళు "ఏమే" అనేవాళ్ళు. వెనకాల మాత్రం ఆమెకు ఒక పేరుండేది. 'గంట వాళ్ళమ్మ'. అది లమ్రియా పెట్టిన పేరు. ప్రేమతో పెట్టింది మాత్రం కాదు.

సౌలినా, లమ్రియా ఒకే ఊరి ఆడపిల్లలు, ఒకే వంశం. ఒకరి వెనక ఒకరు కోడళ్ళుగా ఈ ఊరికి వచ్చారు. మొదట్లో అక్కా చెల్లే అంటూ ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టుకునేవాళ్ళు. మరోలోప్ చిన్నతనమంతా "పిన్నీ, పిన్నీ" అంటూ సౌలినా వంటింట్లోనే గడిచింది. చేపల కూరలో ముళ్ళు తీసి వాడికి అన్నం తినిపించింది ఆమే.

గుడి గంట అప్పట్లో సౌలినా భర్త కొట్టేవాడు. ఒక గాలివానలో పడవ తిరగబడి సరస్సులో పోయాడు. పిల్లల్లేని విధవకు ఇక్కడేం పనని మరుదులు ఆమె బట్టలు మూటగట్టి గుమ్మం బయట పెట్టారు. ఆమె ఆ మూట పట్టుకుని పుట్టింటికి పోలేదు. తిన్నగా గంటమంచె దగ్గరికి వెళ్ళి, ఆ శనివారం సాయంత్రం గంట తనే కొట్టింది. సంఘపెద్దలు గోలపెట్టారు, ఆడది గంట కొట్టడమేమిటన్నారు. "సరే, సరైన మగాడు దొరికేదాకా కొట్టనివ్వండి" అన్నాడు అప్పటి పాస్టరు. తెల్లవారుజామున చలిలో లేచి తాడు లాగడానికి ఏ సరైన మగాడూ ముందుకు రాలేదు. అలాగని ఆ మాట ఎవరూ వెనక్కి తీసుకోనూ లేదు. ఎప్పుడైనా దొరకవచ్చు, ఎప్పుడైనా పొమ్మనవచ్చు. సౌలినా బతుకంతా ఆ 'దొరికేదాకా' మీదే నడిచింది.

మంచె పక్కన రేకుల గది ఇచ్చారు. జీతం లేదు. ఉన్నదల్లా వాటా.

పండుగకో పెళ్ళికో చావుకో ఒక పందినో దున్ననో కోశారంటే, మా వాళ్ళకు మాంసం తినడం కంటే పిలిపించుకోవడం ముఖ్యం. తల ఎవరిది, దవడ ఎవరిది, తొడ ఎవరిదని వరస తప్పకుండా, మాట చాతుర్యం ఉన్న పెద్దమనిషి ఒకడు నిలబడి గొంతెత్తి పిలుస్తాడు. పిలిపించుకున్నవాడు జనం మధ్యలోంచి నడిచివచ్చి రెండు చేతులా అందుకోవాలి. మేనమామ వాటా పిలవడం మరిచిపోయినందుకు ఇప్పటికీ మొహాలు చూసుకోని ఇళ్ళున్నాయి మా దగ్గర. అన్నీ అయ్యాక, పాస్టరుగారికీ సంఘపెద్దలకూ కూడా అయ్యాక, చిట్టచివర "గంట తాడు పట్టే చేతికి!" అని ఒక పక్కటెముక పిలిచేవాళ్ళు. ఆ రోజు మాత్రం సౌలినా ఉతికిన ఉలోస్ శాలువా భుజాన వేసుకుని, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, తల నిటారుగా పెట్టుకుని నడిచి వెళ్ళి అందుకునేది. పళ్ళు ఊడిపోయాక ఆ ఎముక కుంటికుక్కకే పోయేది. ఆమెకు కావలసింది ఎముక కాదు. ఏడాది పొడుగునా ఎవరూ పిలవని మనిషిని, ఊరంతా చూస్తుండగా రమ్మని పిలిచే పిలుపు అదొక్కటే.

లమ్రియాతో చెడింది లమ్రియా మొగుడు చచ్చినప్పుడు. ఆయనేం మంచివాడు కాదు. ఇంట్లో భార్య ఉండగానే అవతలి ఒడ్డున ఇంకో కాపురం పెట్టాడు. సంఘం వెలివేసింది. జబ్బుపడ్డాక ఆ రెండో ఆవిడ గెంటేస్తే, లమ్రియా గుమ్మంలోకే వచ్చి కూలబడ్డాడు. ఆదివారం అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ చేర్చుకుంటామన్నారు పెద్దలు. ఆ ఆదివారం రాకముందే ప్రాణం పోయింది. వెలిలో పోయినవాడికి పాస్టరు రాడు, పాట ఉండదు, గంట మోగదు. అది సంఘం కట్టడి.

లమ్రియా జుట్టు విరబోసుకుని గంటమంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వెనకాలే కుర్రవాడు మరోలోప్.

"ఒక్కసారి లాగవే చెల్లే. ఒకే ఒక్కసారి. ఊరికి వినపడకపోయినా ఫర్వాలేదు, ఆయన చెవిన పడితే చాలు."

"పెద్దలు వద్దన్నారక్కా."

"పెద్దలా? నిన్ను బయటికి తోసినప్పుడు నీకు అన్నం పెట్టింది పెద్దలా? నేను పెట్టానే!"

నిజమే, పెట్టింది. తాడు సౌలినా చేతిలోనే ఉంది. లాగితే రేపటినుంచి అది తన చేతిలో ఉండదనీ, ఆ సరైన మగాడు రాత్రికి రాత్రే దొరుకుతాడనీ ఆమెకు తెలుసు. లాగలేదు. లమ్రియా ఆమె మొహం మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది. మనిషిని గొడ్డును పాతినట్టు చడీచప్పుడు లేకుండా పాతిపెట్టారు.

"పిల్లల్ని కని ఉంటే తెలిసేది! అది కన్నది గంటను. గంట వాళ్ళమ్మ!" అని ఆ రోజు నడివీధిలో అరిచింది లమ్రియా. పేరు అతుక్కుపోయింది.

ఆ తరవాత ఆ ఇద్దరి మధ్య ఉన్నదంతా ఒక పోట్లాటే. గుడి ఊడ్చి నీళ్ళకు పోయేటప్పుడు సౌలినా లమ్రియా ఇంటి ముందునుంచే పోవాలి. లమ్రియా అరుగు మీద తాంబూలం దంచుకుంటూ కాచుకుని ఉండేది.

"ఏమే గంట వాళ్ళమ్మా, నీ పిల్ల ఇవాళ గుక్కపట్టి ఏడ్చిందేం?"

"నీ చెవులు పగలాలని నేనే గిల్లాను."

ఇద్దరికీ జుట్టు నెరిసింది, నడుములు వంగాయి, ఈ మాటలు మాత్రం ఒక్క పూట ఆగలేదు.

మరోలోప్ పట్నంలో ఉద్యోగం చేసి, రిటైరై, పొట్టా పేరూ పెంచుకుని ఊరికి తిరిగొచ్చాడు. గొంతు మంచిది, మాట నేర్పరి. వచ్చిన కొద్ది రోజుల్లోనే సంఘపెద్దలందరికీ పెద్ద అయ్యాడు, వాటాలు పిలిచే పని కూడా అతని చేతికే వచ్చింది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు వయసులో చిన్నవాడు, మరోలోప్ దగ్గితే తను తల ఊపే రకం. ఆ ధైర్యంతోనే మరోలోప్ చేసిన మొదటి పని కరెంటు గంట తెప్పించడం. కొడుకు తోగార్ జకార్తా నుంచి పంపాడు. చిన్న పెట్టె, పైన రెండు లౌడ్‌స్పీకర్లు. మీట నొక్కితే అవతలి ఒడ్డుకు వినపడేలా మోగేది. ఆదివారానికో రకం, పెళ్ళికో రకం, చావుకో రకం, అన్నీ ఉన్నాయి అందులో. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పిన్నీ అనాల్సిన నోటితో మరోలోప్ ఆమెను ముసలిదానా అన్నాడు.

"తాడు వదులు ముసలిదానా. నీకు సెలవిచ్చాం. ఇంక హాయిగా తెల్లవార్లూ పడుకో."

"సెలవియ్యడానికి నువ్వెవడివిరా? నాకు తాడిచ్చిన పాస్టరు సమాధిలో ఉన్నాడు."

"సరైన మగాడు దొరికేదాకా అని కదా ఇచ్చింది?" మరోలోప్ పెట్టె మీద చెయ్యి వేసి తట్టాడు. "ఇదుగో, దొరికాడు."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఏళ్ళ తరబడి మెట్ల మీద కాళ్ళు చూపించుకున్నవాళ్ళ నవ్వు అది. మరోలోప్ కొడవలి తీసుకుని చెయ్యి అందినంత ఎత్తున తాడు కోసేశాడు. గట్టి తాడు, పారెయ్యడమెందుకని ఇంటికి పట్టుకుపోయి పెరట్లో దున్నపోతును కట్టాడు. కావాలని చేశాడని చెప్పనక్కర్లేదు. రోజూ నీళ్ళకు పోయే దారిలో సౌలినా తను పేనిన తాడును దున్న ముక్కున చూసేది. అరుగు మీదనుంచి లమ్రియా, "నీ పిల్లకు గొంతు పోయిందటే!" అనేది.

అయినా వాటా ఉందనుకుంది సౌలినా. తాడు లాగకపోయినా ఇన్నేళ్ళు లాగిన చెయ్యి అక్కడే ఉంది కదా అనుకుంది.

కోతల పండుగ వచ్చింది. గుడి ముందు చాపలు పరిచారు, పందుల్ని కోశారు, మరోలోప్ నిలబడి పిలుపు మొదలుపెట్టాడు. సౌలినా శాలువా వేసుకుని కూర్చుంది. తల అయింది, దవడ అయింది, పాస్టరుగారిదీ పెద్దలదీ అయింది. మరోలోప్ చేతులు తుడుచుకున్నాడు.

సౌలినా లేచి నిలబడింది.

"తోగార్ వాళ్ళ నాన్నా, గంట వాటా ఏది?"

"కరెంటు పెట్టెకు నోరెక్కడిది, వాటా తినడానికి?"

"నా వాటా అడుగుతున్నా."

"ఎవరి పేరు చెప్పి పిలవమంటావు?" మరోలోప్ వాటాలు పిలిచే గొంతుతోనే, అందరికీ వినపడేలా అన్నాడు. "మీ మరుదులు నీ తరఫున అడిగారా? లేదు. ఎవరికి తల్లివి? ఎవరికి నానమ్మవి? చెప్పు, పిలుస్తాను."

మరుదుల కొడుకులు ఎముకలు చీకుతూ తల ఎత్తలేదు. పాస్టరుగారు పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. ముందు చాప మీదనుంచి లమ్రియా కిసుక్కున నవ్వింది.

"ఉన్న ఒక్క పిల్లనీ నువ్వు లాక్కుంటివి, ఇంక అదెవరికి తల్లిరా!"

జనమంతా ఘొల్లుమన్నారు. సౌలినా శాలువా భుజం మీదనుంచి జారిపోతుంటే పట్టుకుని, అంతమంది కాళ్ళు దాటుకుంటూ బయటికి నడిచింది. ఎవరూ కాళ్ళు ముడుచుకుని దారి ఇవ్వలేదు.

ఇంక ఆమె గుడి మొహం చూడదనుకున్నారు. మర్నాడు పొద్దున్నే మెట్ల మీద చీపురు చప్పుడైంది. పాస్టరుగారు నిద్రమొహంతో బయటికి వచ్చాడు.

"ఇంకా ఎందుకవ్వా నీకీ కష్టం? నిన్న అలా జరిగాక..."

"నా వాటా తిన్నది నీ సంఘపెద్ద. దేవుడు తిన్నాడా? మరి ఆయన ఇల్లెందుకు చెత్తగా ఉండాలి? కాలు తియ్యి."

పాస్టరుకు అలా చెప్పింది గానీ, దేవుడితో ఆమె అంత మర్యాదగా లేదు. ఎవరూ లేనప్పుడు బల్లలు తుడుస్తూ ఆయనతో పోట్లాడేది. "అబ్రాహామును పిలిచావు. పడుకున్న పిల్లాడు సమూయేలును లేపి మరీ పిలిచావు. చెట్టెక్కి కూర్చున్న ఆ పొట్టివాణ్ణి కూడా పేరు పెట్టి దిగమన్నావు. నీ గుమ్మంలో ఇన్నేళ్ళుగా నిలబడి ఉన్నాను, నన్ను ఎప్పుడైనా పిలిచావా? నీకు కూడా నా పేరు తెలియదా?" అని గుడ్డ నేలకేసి కొట్టేది. మళ్ళీ ఆ గుడ్డే తీసి పిండి, తుడిచేది. ఆమెకు నిజంగా కడుపు మండిపోయింది. పని మానేస్తే ఆ మంట చల్లారుతుందని ఎవరైనా చెప్పి ఉంటే మానేసేదేమో కూడా.

నాట్లు మొదలయ్యే రోజుల్లో లమ్రియా మంచాన పడింది. అరుగు ఖాళీ అయింది. సౌలినా నీళ్ళబిందెతో ఆ ఇంటి ముందుకు రాగానే తనకు తెలియకుండానే అడుగు నెమ్మది చేసేది, సిద్ధం చేసుకున్న జవాబు నోట్లోనే ఉండిపోయేది. లోపలికి వెళ్ళి చూడలేదు. పిలవని ఇంటికి ఆమె పోదు. తిట్టేవాళ్ళు లేక ఆమె నోరు చప్పబడిపోయింది.

ఒక పొద్దున లౌడ్‌స్పీకర్లలో చావుగంట మోగింది. బాగానే మోగింది. సరస్సు మీద చేపలు పట్టేవాళ్ళు వలలు ఆపి టోపీలు తీశారు. గంట చాలా గొప్పగా వినపడిందని ఏడుపుల మధ్యనే కొందరు మెచ్చుకున్నారు కూడా.

సౌలినా రేకుల గదిలో కూర్చుని విన్నది. "చచ్చిందా," అంది కుక్కతో. సంతోషించాలని చూసింది. చాలాసేపు చూసింది. రాలేదు. లేచి శాలువా కూడా వేసుకోకుండా మరోలోప్ ఇంటికి బయలుదేరింది.

ఆమె రావడం చూసి వాకిట్లో జనం పక్కకు తప్పుకున్నారు. ఏడవడానికి వచ్చిందో, శవం మీద కూడా తిట్లు కురిపించడానికి వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. ఆమె లోపలికి తొంగి కూడా చూడలేదు. తిన్నగా పెరట్లోకి వెళ్ళి దున్నపోతు మెడ మీద ఒకటి చరిచి, ముక్కున ఉన్న ముడి విప్పి, గుంజకున్న ముడి విప్పి, తాడు చుట్ట చుట్టి భుజాన వేసుకుంది.

"ఏయ్, ఏయ్! ఏం చేస్తున్నావ్ ముసలిదానా?" మరోలోప్ బయటికి పరిగెత్తుకొచ్చాడు. "అది అమ్మ కోసం కోయాల్సిన దున్న!"

"దున్న నీది, ఉంచుకో. తాడు నాది."

దున్న ఒకసారి తల విదిలించి, తీరిగ్గా పక్కింటివాళ్ళ ఉల్లితోటలోకి నడిచింది. చావు వాకిట్లోని మగాళ్ళంతా నల్లబట్టలు ఎగ్గట్టి దాని వెనక పరిగెత్తారు. తోటవాడు శాపనార్థాలు మొదలుపెట్టాడు. శవం దగ్గర ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి కిటికీల్లోకి వచ్చారు.

సౌలినా గుడిలోంచి ఒక బల్ల ఈడ్చుకొచ్చి మంచె కింద వేసుకుంది. ఎక్కింది, దుంగ పట్టుకుని నిలదొక్కుకుంది. పైన వేలాడుతున్న పాత తాడు మొదలుకు తెచ్చిన తాడు ముడేసింది. దిగి, అరిచేతుల్లో ఉమ్మేసుకుని లాగింది.

పెట్టె మోగి ఆగిపోయి చాలాసేపైంది. ఇప్పుడు కంచు మోగింది. చావుగంట నెమ్మదిగా కొట్టాలి, ఒకటి పూర్తిగా చల్లారాక ఇంకొకటి.

"విను," అంది సౌలినా లాగుతూ. "నీకు పడదుగా నా పిల్ల ఏడుపు? ఇవాళ ఎటూ లేచిపోలేవు. పడుకుని విను." ఆమె కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అక్క పోయింది. తనతో రోజూ మాట్లాడే మనిషి ఊళ్ళో ఒక్కతే ఉండేది, అదీ పోయింది.

కొట్టడం అయిపోయింది. ఉల్లితోటలో మగాళ్ళు తీసిన టోపీలు మళ్ళీ పెట్టుకుని, దున్న సంగతి చూడబోయారు.

గంట మళ్ళీ మొదలైంది. మొదటినుంచి, నెమ్మదిగా, ఇంకొక పూర్తి చావుగంట.

"ఇంకెవరు పోయారు?" అని ఒకరినొకరు అడిగారు. మంచాన ఉన్న ముసలివాళ్ళ ఇళ్ళవైపు ఎవరో పరిగెత్తారు. ఎవరూ పోలేదు. మరోలోప్ మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నాడు. దున్న అతని పక్కనుంచే పోతున్నా పట్టుకోలేదు.

గంట ఆగాక అతను గుడికి వచ్చాడు. సౌలినా మంచె కింద బల్ల మీద కూర్చుని ఎర్రగా కమిలిన అరిచేతుల్ని ఊదుకుంటోంది.

"రెండోది ఎవరికి?"

"నీ అబ్బకి."

మరోలోప్ నోట ముందు సంఘపెద్ద మాటే వచ్చింది. "వెలిలో పోయినవాడికి కొట్టకూడదు. ఎవరు కొట్టమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదు. వద్దన్నవాళ్ళంతా చచ్చారు. వాళ్ళందరికీ నేనే కొట్టాను. మీ నాన్నకొక్కడికే కొట్టలేదు."

"అప్పుడెందుకు కొట్టలేదు?" ఆ మాట మాత్రం సంఘపెద్దది కాదు. ఉమ్ము పడిన మొహాన్ని తల్లి వెనకనుంచి చూసిన కుర్రాడిది. "అమ్మ నీ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ."

"తాడు పోతుందని భయపడ్డానురా. ఇప్పుడు ఎలాగూ పోయింది కదా, భయమెందుకు?" సౌలినా లేచి బల్లను గుడిలోకి ఈడ్చడం మొదలుపెట్టింది. "కాళ్ళు చూసుకో. మెట్లన్నీ బురద చేశావు. పొద్దున్నే కడిగి చచ్చాను."

అతను క్షమించమనలేదు. ఆమె కూడా అనలేదు. అతను కాళ్ళవైపు ఒకసారి చూసుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మనవలను చూసి పోయిన ముసలిదాని చావు మా దగ్గర ఏడుపు కాదు, పెద్ద పండుగ. పాతిపెట్టే రోజున డప్పులూ గంటపళ్ళేలూ వాయించారు, పుట్టింటివాళ్ళు శవం మీద శాలువా కప్పారు, అందరూ చేతులు జోడించి చుట్టూ ఆడారు. దున్నను పట్టుకొచ్చి కోశారు. ఉల్లితోట రుచి తగిలిందో ఏమో మాంసం బాగుందని అందరూ అన్నారు. సౌలినా అందరికంటే వెనక, కంచె పక్కన కూర్చుని, ఎముకలు ఎక్కడబడితే అక్కడ విసురుతున్నవాళ్ళను తిడుతోంది. శాలువా వేసుకురాలేదు. అక్క చావుకు వచ్చింది, వాటాకు కాదు. రెండోసారి నవ్వులపాలయ్యే ఓపిక ఆమెకు లేదు.

మరోలోప్ పిలుస్తున్నాడు. తల్లి పుట్టింటివాళ్ళది అయింది, అన్నదమ్ములది అయింది, ఆడపడుచులది అయింది. ఊళ్ళో అమ్మలందరినీ వరసగా పిలిచాడు, ఫలానా వాళ్ళమ్మకు, ఫలానా వాళ్ళమ్మకు అని. పాస్టరుగారిది అయింది, పెద్దలది అయింది. గిన్నెలోంచి ఒక పక్కటెముక తీసి పైకెత్తాడు.

"గంట తాడు పట్టే చేతికి!"

జనం తలలు వెనక్కి తిప్పారు. సౌలినా లేవలేదు.

"చేతికి నోరుందా తినడానికి?" అంది కూర్చున్నచోటినుంచే. "ఎవరిని పిలుస్తున్నావో పిలువు."

గంటపళ్ళేలు వాయించేవాళ్ళు కర్రలు ఆపేశారు. మరోలోప్ ఎముక పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒట్టి పేరు పెట్టి పిలిస్తే తప్పు. పిన్నీ అనేది ఇంట్లో పిలుపు, వాటా పిలుపు కాదు. మరుదుల కొడుకులు మళ్ళీ నేల చూపులు చూశారు. ఊరి దగ్గర ఆమెకు ఉన్న పేరు ఒక్కటే, అది పెట్టిన మనిషిని ఆ మధ్యాహ్నమే మట్టిలో దించారు. మరోలోప్ గొంతు సవరించుకున్నాడు. తోగార్ వాళ్ళ మేనమామను పిలిచిన గొంతుతో, అమ్మలందరినీ పిలిచిన గొంతుతో, అక్షరం తగ్గకుండా పిలిచాడు.

"గంట వాళ్ళమ్మకు!"

ఎవరో కుర్రవాడు నవ్వబోయాడు. పక్కనున్న తల్లి వాడి నెత్తిన ఒక్కటిచ్చింది.

సౌలినా నెమ్మదిగా లేచింది. నడుం పట్టుకుని నిలబడి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వినపడలేదు. గంట నా చెవులు తినేసింది. మళ్ళీ పిలువు."

అవతలి వీధిలో ఉమ్మినా వినపడే చెవులవి. అది మరోలోప్‌కు తెలుసు, ఊరంతటికీ తెలుసు. అతని మొహం కందిపోయింది. పళ్ళు కొరికాడు. అయినా ఛాతీ నిండా గాలి పీల్చుకుని, సరస్సు అవతలి ఒడ్డుకు వినపడేలా మళ్ళీ పిలిచాడు.

ఆమె నడిచింది. ఈసారి చాపల మీద కాళ్ళు ఒక్కొక్కటీ వెనక్కి ముడుచుకున్నాయి. రెండు చేతులూ చాచి అందుకుని, ఎముకను అటూ ఇటూ తిప్పి చూసింది.

"శనివారం సాయంత్రం నీ పెట్టెను నోరు మూసుకోమను," అంది.

కుంటికుక్క తోక ఊపుకుంటూ గది దాకా వెంటపడింది. ఆ రోజు దానికి ఎముక దొరకలేదు. సౌలినా గుమ్మంలో కూర్చుని, పళ్ళులేని చిగుళ్ళతో పొద్దువాలే దాకా దాన్నే చీకుతూ, కూరలో ఉప్పు తక్కువైందని లమ్రియా కోడలిని తిడుతూనే ఉంది.